గొడుగు గుడ్డ కోటు

గడియారాల షాపు,
ఫిబ్రవరి 9

బావా,

నీతో ఫోనులో మాట్లాడి గెలిచినవాడు ఇంతవరకు పుట్టలేదు. అందుకే నేను ఉత్తరాలనే నమ్ముకున్నాను. ఇందులో నువ్వు మధ్యలో అడ్డుపడలేవు, నా మాట నేను పూర్తి చేసుకోవచ్చు. బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల్లో నాకీ సౌకర్యం లేకపోయింది. మా అక్కని చేసుకుని బావవయ్యావు కానీ నోరు మాత్రం ఆ బెంచీ మీదదే.

విషయం ఏమిటంటే, నీ కోడలి, అదే మా అమ్మాయి చేతిలో నేను చిత్తుగా ఓడిపోయాను. కుక్కపిల్ల కావాలని ఏడాదిగా నా ప్రాణం తీస్తోంది కదా. వదిలించుకుందామని ఒక షరతు పెట్టాను. నెల రోజులు ఎవరూ లేపకుండా పొద్దున ఆరింటికి లేస్తే కొనిపెడతానన్నాను. పదింటికి లేపినా తిట్టే తొమ్మిదేళ్ల పిల్ల, ఎక్కడ లేస్తుందిలే అనుకున్నాను. షాపుకి బాగుచేతకొచ్చిన అలారం గడియారాల్లో ఆరింటిని తన గదిలోకి మోసుకుపోయింది. ఆరూ ఒక్కసారే మోగేవి. మూడోరోజు నుంచి పక్కింటివాళ్లు కూడా ఆరింటికే లేవడం మొదలుపెట్టారు. నిన్నటితో ముప్ఫై రోజులు నిండాయి.

మా ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టి తప్పుకుంది. అది చెప్పులు కొరికితే నావే కొరకాలట.

నీ షెడ్డు దగ్గర కాపలాకుక్క ఉందని అక్క అంటూ ఉంటుంది. మన రెండు ఇళ్లలో ఆ మాత్రం అనుభవం ఉన్నవాడివి నువ్వొక్కడివే. ఎక్కడ కొనాలి, ఏం చూసి కొనాలి, రాయి. ఈ ఒక్కసారికి ఎంత పొడుగు రాసినా ఓపిగ్గా చదువుతాను.

నీ బావమరిది


గొడుగుల షెడ్డు,
ఫిబ్రవరి 16

బావమరిదీ,

చేపని కొను. చేప మొరగదు, చెప్పులు కొరకదు, ఇంటికొచ్చినవాళ్ల మీదికి ఎగబడదు. ఊళ్లకెళ్లాల్సి వస్తే నీళ్లతో సహా పక్కింట్లో పెట్టి పోవచ్చు. కోడలు పిల్లకి నేను చెప్పానని చెప్పు. ఎర్ర చేప అయితే ఇంకా బాగుంటుంది.

ఇక్కడ మామూలే. గొడుగు గురించి మనిషికి గుర్తొచ్చేది ఏడాదిలో నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలూ నేను కూడా గొడుగులాగే మూల నిలబడి ఉంటాను. ఏదో ఒక దారి చూసుకుని నెట్టుకొస్తున్నాను. మీ అక్కకి ఆసుపత్రిలో పిల్లల వార్డులో డ్యూటీ వేశారు. నర్సు ఉద్యోగం కాబట్టి ఇంటికొచ్చాక కూడా నా చేతులు కడిగించందే అన్నం పెట్టదు.

కుక్కపిల్లే కావాలని పిల్ల పట్టుబడితే, వీధికుక్కల్ని చేరదీసి పెంచేవాళ్ల దగ్గరికి వెళ్లి ఒకదాన్ని తెచ్చుకో. లేకపోతే తల్లిని, అది ఉండే చోటుని చూపించేవాళ్ల దగ్గర తీసుకో. కారులో పెట్టి తెచ్చి అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనకు. ఎందుకని అడగకు. నేనెప్పుడైనా నీకు చెడు చెప్పానా? చెప్పాను, కానీ ఈసారి కాదు.

బావ


గడియారాల షాపు,
ఫిబ్రవరి 20

బావా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. కుక్కపిల్ల మొన్న వచ్చింది. తప్పు తపాలా వాళ్లది.

సరిగ్గా నువ్వు వద్దన్న చోటే కొన్నాను. పెట్రోలు బంకు పక్కన తెల్ల కారు, డిక్కీలో అట్టపెట్టె, దాని ముందు నల్లకళ్లద్దాలు నెత్తికెక్కించుకున్న ఏజెంటు. రెండు నెలల పిల్ల అన్నాడు. మూడు టీకాలూ వేసినట్టు కార్డు ఇచ్చాడు, జాతికుక్క అని బంగారు ముద్ర కొట్టిన కాగితం కూడా ఇచ్చాడు. తల్లిని చూడాలన్నాను. తల్లి ఎక్కడో తోటలో ఉందట, కొత్తవాళ్లని చూస్తే బెదురుతుందట. అక్కడ నేను వెనక్కి తిరిగి వచ్చేయాల్సింది. నా సంగతి నీకు తెలుసు కదా, వెనక మూత తీసి చూడకుండా ఎంత ఖరీదైన గడియారాన్నైనా ముట్టుకోను. అలాంటివాణ్ని బుట్టలో పడేసింది ఏజెంటు కాదు, కోటు.

ఆ పిల్లకి ఒక నీలం కోటు తొడిగి ఉంది. నీళ్లు దిగని పల్చటి గుడ్డ. నాలుగు కాళ్లకీ కొలత తీసి కుట్టినట్టు అతికినట్టుంది. జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించి చూశాను. ఏజెంటు నవ్వాడు, నవ్వనీ. అంచులు రెండు మడతలు, కుట్టుకి కుట్టుకి మధ్య వెంట్రుకవాసి తేడా లేదు, కాజాల్లో ఒక్క దారం పోగు కూడా బయటికి లేదు. కుక్కపిల్ల కోటునే ఇంత శ్రద్ధగా కుట్టినవాడు కుక్కపిల్లని ఎంత శ్రద్ధగా పెంచి ఉంటాడు అనుకున్నాను. పనివాడికి పనివాడి మీద ఉండే నమ్మకం అది. నీకు చెబితే అర్థమవుతుంది, ఇంకెవరికి చెప్పినా నవ్వుతారు.

గోధుమరంగు, నేల మీద ఈడ్చుకుపోయే చెవులు. పొద్దున ఆరు కాకముందే కూత మొదలుపెడుతుంది కాబట్టి నీ కోడలు దానికి అలారం అని పేరు పెట్టింది. ఆరు గడియారాలూ నా షాపుకి తిరిగొచ్చాయి.

నీ బావమరిది


గొడుగుల షెడ్డు,
ఫిబ్రవరి 22

బావమరిదీ,

ఇది ఎక్స్‌ప్రెస్ తపాలాలో పంపుతున్నాను. అందిన వెంటనే దాని కోటు విప్పి పొట్ట చూడు. పొట్ట డోలులా ఉండి పక్కటెముకలు కనబడుతున్నాయా? పళ్లు ఎన్ని వచ్చాయి? తింటోందా? వాంతి చేసుకుందా? చేసుకోకపోయినా సరే, షాపు మూసి ఇవాళే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఆ టీకాల కార్డుని నమ్మి కూర్చోకు.

ఆ ఏజెంటుకి కుడిచేతికి రెండు ఉంగరాలు ఉన్నాయా? ఊరికే అడిగాను.

కోటు గురించి అంత పొగడాల్సిన పని లేదు. కుక్కపిల్లకి కోటు కుట్టడం ఏమంత గొప్ప. కాజాలు కొంచెం కష్టమే అనుకో.

బావ


పశువుల ఆసుపత్రి వరండా,
ఫిబ్రవరి 25

బావా,

నువ్వు మనిషివా జ్యోతిష్కుడివా? నీ ఉత్తరం తపాలా మనిషి నా చేతిలో పెట్టేసరికి అలారం ఇక్కడ చేరి ఒక రోజయింది. రెండు ఉంగరాలు కూడా ఉన్నాయి.

మొన్న పొద్దున అది కూయలేదు. ఆరు దాటింది, ఆరున్నర దాటింది. పిల్ల వెళ్లి చూస్తే బుట్టలో వాంతి, దాని పక్కనే రక్తంతో విరేచనం. కోటు విప్పాను. లోపల కుక్కపిల్ల లేదు బావా, నీ గొడుగు పుల్లల మీద తోలు కప్పినట్టు ఉంది, పొట్ట మాత్రం పురుగులతో ఉబ్బిపోయి ఉంది. అంత ముద్దొచ్చే కోటు కింద ఇది దాగి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

పార్వో అన్నారు. అది వైరస్సట, టీకా వేయని పిల్లల్లో చాలావాటిని మింగేస్తుందట. డాక్టరమ్మ దాని నోరు తెరిచి పళ్లు చూసి, దీనికి ఆరు వారాలు మించవు, ఇంకా తల్లి దగ్గరే ఉండాల్సింది అంది. ఆ లెక్కన మా కార్డు ప్రకారం మొదటి టీకా అది పుట్టడానికి పన్నెండు రోజుల ముందే పడింది. ఇంత ముందుచూపు ఉన్న కుక్కని నేనే కొన్నాను.

ఇవాళ్టికి మూడోరోజు సెలైన్ ఎక్కుతోంది. గడియారాల ఇరుసులు చెక్కే కొత్త లేతు మిషనుకని దాచింది అయిపోయింది, కుక్కపిల్ల ఖరీదుకి మూడింతలు దాని మందులకే పెట్టాను. ఇల్లంతా బ్లీచింగ్ నీళ్లతో కడిగాం. నా చెప్పులు పారేశాం. అది కొరకకుండానే పోయాయి చూడు. పిల్ల బడినుంచి నేరుగా ఇక్కడికే వస్తుంది, లోపలికి రానివ్వరు, వరండాలో కూర్చుని లెక్కలు చేసుకుంటుంది. నిన్న నన్నడిగింది, "నాన్నా, నేను ముప్ఫై రోజులు లేవకుండా ఉంటే దీనికి ఇలా అయ్యేది కాదు కదా" అని.

దీన్ని పుట్టించి అమ్మిన మహానుభావుడు ఎవడో కానీ, వాడి గడియారం బతికినన్నాళ్లూ పది నిమిషాలు వెనకే నడవాలి. వాడు విప్పిన ప్రతి గొడుగూ గాలికి తిరగబడాలి. ఈ రెండోది నీ తరఫున కూడా తిట్టినట్టుంటుందని కలిపాను.

నీ బావమరిది


గొడుగుల షెడ్డు,
ఫిబ్రవరి 28

బావమరిదీ,

గొడుగు జోలికి పోకుండా తిట్టి ఉంటే బాగుండేది. సరే, తిట్టావు.

ఆ మనిషిని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ కొంచెం ఆలోచించు. వాడికి పని లేని నెలలు ఉంటాయేమో. ఏజెంటే వచ్చి, ఆడకుక్క ఉంది కదా, పిల్లల్ని నేను అమ్మిపెడతాను అని ఉంటాడేమో. టీకాలు ఏజెంటే వేయిస్తాడని వాడు అనుకుంటూ ఉంటాడేమో. అడగాల్సింది. అడగలేదు. అడిగితే జవాబు తెలిసిపోతుందని అడగని మనుషులు కూడా ఉంటారు.

దీంతో మనీఆర్డరు కూడా పంపుతున్నాను. కోడలి పుట్టినరోజుకి ఆలస్యంగా అనుకో. పుట్టినరోజు ఇంకా రాలేదంటే ముందుగా అనుకో. డాక్టరమ్మ ఏం చెబుతోందో రోజూ ఒక ముక్క రాయి. రోజూ.

కోటు పారెయ్యకు. వేడినీళ్లలో బ్లీచింగ్ వేసి ఉడికించు, ఏమీ కాదు. కాలరు లోపల అస్తరు కింద ఇంకో వరస కుట్టు ఉంటుంది, ఎంత ఉడికించినా ఊడదు.

బావ


గడియారాల షాపు,
మార్చి 3

గొడుగుల షెడ్డు యజమానిగారికి,

మీరు చెప్పినట్టే కోటుని ఉడికించాను. ఆరిన తర్వాత షాపులో దీపం కింద పెట్టి, కాలరు అస్తరుని బ్లేడుతో విప్పాను. లోపల మీరు రాసినట్టే ఇంకో వరస కుట్టు ఉంది. పైకి కనపడదు. వేలితో తడిమినా తెలియదు. నా భూతద్దానికి కూడా దొరకలేదు. కుట్టినవాడికి తప్ప ఇంకొకడికి తెలిసే వీలు లేదు.

గుడ్డ కూడా ఇప్పుడు గుర్తుపట్టాను. పోయిన వానాకాలం మా ఇంటికి మీరిచ్చిన గొడుగుది ఇదే నీలం.

కోటునీ మనీఆర్డరు డబ్బునీ వెనక్కి పంపుతున్నాను. అలారానికి వాంతులు నిన్న ఆగాయి. ఇంకా ఏమీ తినడం లేదు. ఇవాళా రేపూ గడిస్తే చెప్పగలనంది డాక్టరమ్మ. అది పుట్టింది మీ దగ్గరని పిల్లకి చెప్పలేదు. నా నోటితో చెప్పను.

డాక్టరమ్మ రోజూ ఒకటే అడుగుతోంది. తల్లిని చూశారా, తల్లి ఎలా ఉంది, దానికి టీకాలున్నాయా అని. ఇక మిమ్మల్నే అడగాలి.

ఇట్లు,
గడియారాల రిపేరీ షాపు


గొడుగుల షెడ్డు,
మార్చి 8

బావమరిదీ,

నన్ను మీరు అన్నావు. బెంచీ మీద సిరా పోసి నా చొక్కా పాడుచేసిన రోజు కూడా నువ్వు మీరు అనలేదు, నేను నిన్ను బావిలో తోస్తానన్న రోజు కూడా అనలేదు. ఆ ఒక్క మాట చదివి ఉత్తరం కింద పెట్టేశాను. మిగతాది చదవడానికి మధ్యాహ్నం దాకా ధైర్యం రాలేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. తల్లి నా షెడ్డులోనే ఉంది. పేరు దొరసాని. కాపలాకుక్క అని మీ అక్కకి చెప్పినది అదే. రెండేళ్లలో నాలుగుసార్లు ఈనింది, ఒక్కసారి కూడా ఒళ్లు కోలుకోనివ్వలేదు. పిల్లలు నాలుగో వారం దాటగానే ఏజెంటుకి ఇచ్చేసేవాణ్ని. చిన్నవైతేనే ముద్దొస్తాయి, త్వరగా పోతాయి అనేవాడు. కోట్ల ఆలోచన కూడా వాడిదే. నాకు కుట్టడం సరదా. గొడుగులు కత్తిరించగా మిగిలిన ముక్కలుంటాయి. చేతిలోకి గుడ్డ వస్తే నేను వంకరగా కుట్టలేను, అది నీకు తెలుసు. ఆ కోటు మీద పెట్టిన శ్రద్ధలో సగం పిల్ల మీద పెట్టి ఉంటే నువ్వు వరండాలో కూర్చునేవాడివి కాదు. పోయిన ఈతలో రెండు పిల్లలు వాంతులై పోయాయి. చలికి పోయాయని నాకు నేనే చెప్పుకున్నాను. చేపని కొనుక్కోమని అందుకే రాశాను. అంత రాయగలిగినవాణ్ని, నా సంగతి రాయలేకపోయాను.

మీ అక్కకి చెప్పాను. నేరుగా షెడ్డుకి వచ్చి, కొంగు దోపుకుని, చేతులకి తొడుగులు వేసుకుని నేల కడగడం మొదలుపెట్టింది. నాలుగు రోజులుగా డ్యూటీ అయ్యాక అదే పని. నేను బకెట్లు మోస్తున్నాను. ఏజెంటుని పట్టుకుని మిగతా పిల్లలు ఎక్కడికి పోయాయో అడిగాను. అలారంతో కలిపి ఐదు పుట్టాయి, జనవరి పధ్నాలుగున. మూడు ఇళ్ల చిరునామాలు రాబట్టాను, జరిగింది రాసి, వెంటనే డాక్టరుకి చూపించమని కార్డులు వేశాను. మిగిలిన ఒకటి ఎవరికి అమ్మాడో వాడికే గుర్తులేదట. దానికి నేనేం చెయ్యగలనో నాకు తెలియడం లేదు. వాడితో లావాదేవీ అయిపోయింది.

నువ్వు తిప్పి పంపిన కోటు సంగతి చెప్పాలి. పొట్లం విప్పి బల్ల మీద పెట్టాను. దొరసాని మూల పడుకుని ఉంది. కోటు కంటపడగానే లేచింది. ఉరికి, పిల్లల్ని పెట్టే పాత బుట్ట లేదూ, అది ఖాళీగానే ఉంది, అందులోకి దూకి, దాన్ని ఒంటితో కప్పేసి పడుకుంది. నన్ను చూసి పళ్లు బయటపెట్టింది. ఎప్పుడూ నా మీద గుర్రుమన్నది కాదు. నేను కోటు తొడిగిన రోజే పిల్లలు పోతాయని అది నాలుగుసార్లలో నేర్చుకుంది. దానికి తెలుసు, నాకు తెలియదు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తున్నాను.

మీ డాక్టరమ్మలాంటావిడే ఇక్కడా ఉంది. నిన్న దొరసానిని తీసుకెళ్లాను. రక్తం తక్కువ ఉంది, బలం పుంజుకున్నాక ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తామంది. టీకాలు మొదలుపెట్టారు. నిజం కార్డు ఇచ్చారు.

కోడలికి చీటీ విడిగా పెట్టాను. నువ్వు చదివి, ఇవ్వాలనిపిస్తే ఇవ్వు. అలారం తిందా?

బావ


(మడిచిన చీటీ)

కోడలు పిల్లా,

నువ్వు పొద్దున్నే లేవడం వల్ల అలారానికి జబ్బు రాలేదు. నా వల్ల వచ్చింది. అది పుట్టింది నా షెడ్డులో. దానికి వేయించాల్సిన మందులు నేను వేయించలేదు, వాళ్లమ్మ దగ్గర ఉండాల్సినన్ని రోజులు ఉండనివ్వలేదు. తెలిసి చేశాను. నువ్వు నన్ను తిడుతూ ఉత్తరం రాయి. ఎంత పెద్దదైనా సరే, మీ నాన్నలాగా మధ్యలో మర్యాదలు పెట్టకు.

మావయ్య


గడియారాల షాపు,
మార్చి 29

బావా,

తింది. కోటు నీకు పంపిన నాలుగోరోజే రెండు చెంచాల గంజి తాగి, వెంటనే నా కొత్త చెప్పు మీదికి వెళ్లింది. డాక్టరమ్మ ఇంటికి పంపేసి మూడు వారాలైంది. బరువు పెరిగింది, చెవులు ఇంకా పెరిగాయి. ఆరింటికి పది నిమిషాలు ముందే కూస్తోంది. నా షాపులో సరిగ్గా నడవని గడియారం ఇదొక్కటే, దీన్ని మాత్రం బాగుచెయ్యను.

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, కోపం తగ్గలేదు. ఇప్పటికీ మొత్తం పోలేదు. ఆ పోయిన పిల్లల సంగతి తలుచుకుంటే మళ్లీ వస్తుంది. కానీ నిన్ను మీరు అని రాసిన రోజు నాకు కూడా అన్నం సయించలేదు. ఇంకోసారి అలా రాయించకు.

చీటీ పిల్లకిచ్చాను. మూడుసార్లు చదివింది. రెండు రోజులు నీ పేరెత్తితే గదిలోకి పోయింది. మూడోరోజు తిట్టడానికని కాగితం తీసుకుని కూర్చుంది. రాసింది దీంతో పెట్టాను, నాలుగు పేజీలు. మూడు పేజీలు నువ్వు పడాల్సినవే. చివరి పేజీలో అలారం వాళ్లమ్మ ఎలా ఉంటుంది, చెవులు అంతే పొడుగా, దానికి అలారం గుర్తుంటుందా అని అడిగింది. జవాబు ఉత్తరంలో వద్దట.

తల్లీపిల్లల్ని కలపడానికి ఏప్రిల్ పదిహేను తర్వాత ఫరవాలేదంది డాక్టరమ్మ. ఆ తర్వాతొచ్చే ఆదివారం అక్కనీ దొరసానినీ వెంటబెట్టుకుని బస్సెక్కు. తిరుగు బస్సులో మీరు ముగ్గురు వెళ్తారా ఇద్దరు వెళ్తారా అన్నది దొరసాని ఇష్టం, మేం బుట్ట పెద్దదే కొన్నాం. దారిలో వాన పడినా సరే, ఒంటి మీదికి గొడుగు పట్టు, కోటు మాత్రం దాని కళ్లపడనివ్వకు. మళ్లీ ఏదో లాక్కోవడానికి కాదు, దాని పిల్లని దానికి చూపించడానికని ముందే చెప్పి తీసుకురా.

పెట్రోలు బంకు దగ్గరిచ్చిన కార్డు చించేశాం. డాక్టరమ్మ కొత్త కార్డు ఇచ్చింది. పుట్టిన తేదీ నీ ఉత్తరం చూసి సరిగ్గా రాసింది. కింద తల్లిని చూశారా అని ఒక గడి ఉంది. ఇప్పుడు రాయమంటారా అని అడిగింది. వద్దన్నాను. పెన్ను నేను తెచ్చి పెడతాను, నువ్వొచ్చి నీ చేత్తో రాయి.

నీ బావమరిది